అప్‌డేట్: ఎక్కు వస్తే ఆయాసపడే డీజిల్ కారు, దొంగ దొరికాడు

సెకండ్ హ్యాండ్‌లో కొన్న నా 2014 డీజిల్ కారు బెంగళూరులో హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కడానికే మూలుగుతోందని, 2000 ఆర్‌పీఎం దాటితే పికప్ లేక నల్లపొగ వదులుతోందని పోయిన నెల ఇక్కడ అడిగాను. ఫ్యూయల్ ఫిల్టర్ మార్చమన్నారు, మార్చాను. ఏమీ తేడా లేదు. మారతహళ్లిలో ఒక మెకానిక్ చూడకుండానే టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే భాగం) పోయిందన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

టర్బో విప్పేముందు బూస్ట్, అంటే అది పెంచే గాలి ఒత్తిడి, చూడండని ఇక్కడ చెప్పిన అన్నగారికి దండం. కారు సెన్సర్ల రీడింగులు చూపే స్కానర్ పెట్టుకుని మూడో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ప్రెషర్ 120 కిలోపాస్కల్స్ దాటలేదు. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున్న బెంగళూరులో మామూలు గాలి ఒత్తిడే 91 దాకా ఉంటుంది. అంటే టర్బో ఉన్నా లేనట్టే.

బానెట్ తెరిచి, మా తమ్ముణ్ణి రేజ్ చేయమంటే బుస్సుమని శబ్దం! టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి వచ్చే రబ్బరు గొట్టం అడుగున, క్లిప్పు పక్కనే వేలెడంత చీలిక. చుట్టూ నూనె జిడ్డు. ఐడిల్‌లో మూసుకుని, ఒత్తిడి పెరిగితే నోరు తెరుస్తోంది. సెన్సర్ లెక్కపెట్టిన గాలి దారిలోనే కారిపోతుంటే డీజిల్ సగమే కాలి నల్లపొగ అవుతోంది.

జేసీ రోడ్డులో కొత్త గొట్టం, రెండు క్లిప్పులు తెచ్చి వేశాం. ఇప్పుడు ప్రెషర్ 200 దాటుతోంది. ఆదివారం నంది కొండ నలుగురితో ఎక్కింది, ఏసీ ఆపకుండా.

ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు) ఇంకా విప్పలేదు, వచ్చే సర్వీసులో చూస్తాను.