పీఎస్4 కంట్రోలర్‌ని స్విచ్ అస్సలు గుర్తుపట్టట్లేదు, రెండూ బ్లూటూతే కదా?

స్విచ్_కొత్త:
అందరికీ హాయ్. నా పాత పీఎస్4 (ప్లేస్టేషన్ 4) గేమ్ కన్సోల్ పాడైపోయింది గానీ దాని కంట్రోలర్ డ్యూయల్‌షాక్ 4 మాత్రం ఇంకా కొత్తదానిలాగే ఉంది, స్టిక్ దానంతటదే కదిలే డ్రిఫ్ట్ కూడా లేదు. ఇప్పుడు ఇంట్లో ఉన్నది నింటెండో వాళ్ల గేమ్ కన్సోల్ స్విచ్. మా అక్కకి మణికట్టు నొప్పి ఉంది, దాంతో వచ్చిన ఆ చిన్న జాయ్‌కాన్ కంట్రోలర్లు అరగంట పట్టుకునేసరికి వేళ్లు పట్టేస్తున్నాయి అంటోంది, డ్యూయల్‌షాక్ ఇస్తే మాత్రం హాయిగా ఉందంట, అందుకే దాన్నే ఎలాగైనా స్విచ్‌కి కలపాలని రెండు రోజుల నుంచి కూర్చున్నా. షేర్, పీఎస్ బటన్లు రెండూ కలిపి నొక్కి పట్టుకుంటే లైట్ గబగబా కొట్టుకుంటోంది, అంటే పెయిరింగ్‌లోకి వెళ్లినట్టే కదా, కానీ స్విచ్ స్క్రీన్ మీద ఏమీ రాదు. కేబుల్‌తో డాక్‌కి (స్విచ్‌ని టీవీకి కలిపే స్టాండ్) పెట్టి చూశా, చార్జింగ్ ఎక్కుతోంది అంతే. నేను చేసేదాంట్లో ఏదైనా తప్పుందా, లేక అసలు అవ్వదా? ఇంకోటి, ఫ్రెండ్ వాళ్లింట్లో మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ కన్సోల్ ఉంది, అక్కడ కూడా ఇదే వాడుకోవచ్చా?

సోల్డర్_బాబు:
నువ్వు చేసింది కరెక్టే బ్రో, అది అలా అవ్వదు. బ్లూటూత్ ఒకటే అయినంత మాత్రాన సరిపోదు. ఫోన్ కలిసింది కానీ అవతలి మనిషి మాట్లాడేది మనకి రాని భాష అనుకో, అదీ పరిస్థితి. ఏ బటన్ నొక్కావు, స్టిక్ ఎంత వంచావు అనే డేటాని ఒక్కో కంట్రోలర్ ఒక్కో పద్ధతిలో పంపిస్తుంది, స్విచ్‌కి తన జాయ్‌కాన్, ప్రో కంట్రోలర్, ఇంకా వాటిలాగే మాట్లాడేలా తయారైనవి మాత్రమే అర్థమవుతాయి, మిగతా వాటిని లిస్టులో కూడా చూపించదు. పీసీలో స్టీమ్ అనే గేమ్ యాప్‌కి ఇన్ని రకాల కంట్రోలర్లు ఎందుకు పనిచేస్తాయంటే వాళ్లు కూర్చుని ప్రతిదాని భాషా నేర్పించారు కాబట్టి.

కాబట్టి మధ్యలో ఒక దుబాసీ కావాలి, అంటే యూఎస్‌బీ అడాప్టర్. 8బిట్‌డూ వాళ్లది ఉంది, మేఫ్లాష్ వాళ్లది మ్యాజిక్ ఎన్ఎస్ అని ఉంది. చూడ్డానికి పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది. ముందు స్విచ్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌కి వెళ్లి కంట్రోలర్స్ అండ్ సెన్సర్స్‌లో ప్రో కంట్రోలర్ వైర్డ్ కమ్యూనికేషన్ ఆన్ చెయ్యి, చాలామంది ఇది మర్చిపోయి అడాప్టర్ పాడైందనుకుంటారు. తర్వాత దాన్ని డాక్‌కి పెట్టి, దాని మీదున్న చిన్న బటన్ నొక్కి, నువ్వు ఇప్పటిదాకా చేసినట్టే షేర్, పీఎస్ నొక్కి పట్టుకో. అడాప్టర్ నీ డ్యూయల్‌షాక్ మాట విని స్విచ్‌కి నేను ప్రో కంట్రోలర్‌ని అని చెబుతుంది.

కొన్ని మాత్రం పోతాయి. నింటెండో వాళ్ల ఎమీబో బొమ్మలు దగ్గర పెట్టి చదివించే ఎన్ఎఫ్‌సీ చిప్ నీ కంట్రోలర్‌లో లేనే లేదు. వైబ్రేషన్ మామూలుగా వస్తుంది, స్విచ్ కంట్రోలర్లలో ఉండే హెచ్‌డీ రంబుల్ అనే వైబ్రేషన్ అంత సన్నగా రాదు. ఇంకోటి, నిద్రలో ఉన్న స్విచ్‌ని పీఎస్ బటన్‌తో లేపడం చాలా అడాప్టర్లతో కుదరదు, కన్సోల్ మీద బటన్ నొక్కాల్సిందే.

ఎక్స్‌బాక్స్ సంగతి వేరు, అక్కడ ఆశ పెట్టుకోకు. కన్సోల్ తన కంట్రోలర్‌తో మాట్లాడేది బ్లూటూత్‌లో కాదు, ఎక్స్‌బాక్స్ వైర్‌లెస్ అని సొంత పద్ధతి. 2016లో ఎక్స్‌బాక్స్ వన్ ఎస్‌తో వచ్చిన కంట్రోలర్ నుంచి బ్లూటూత్ కూడా పెట్టారు గానీ అది పీసీ, ఫోన్ల కోసం.

పిక్సెల్_అక్క:
తమ్ముడూ, మీ అక్క బాధ నాకు బాగా తెలుసు, నాకూ బొటనవేలి దగ్గర నరం లాగేస్తుంది, అందుకే చెబుతున్నా, అడాప్టర్ తీసుకో, వెనకాడకు. నేను రెండేళ్లుగా అలాగే ఆడుతున్నా. మొదట్లో కొంచెం తికమకగా ఉంటుంది, ఎందుకంటే స్విచ్‌లో ఓకే అనే ‘ఏ’ (A) బటన్ కుడి పక్కన ఉంటుంది, వెనక్కి వెళ్లే బీ కింద ఉంటుంది, అంటే డ్యూయల్‌షాక్‌లో సర్కిల్ నొక్కితే ఓకే, క్రాస్ నొక్కితే వెనక్కి. పీఎస్ అలవాటున్న చేతికి ఇది ఎక్కడానికి నాకు వారం పట్టింది.

నీ దగ్గరున్నది డ్యూయల్‌షాక్ అవ్వడం ఒకరకంగా అదృష్టం, దాంట్లో గైరో, అంటే కంట్రోలర్‌ని ఎటు వంచామో పసిగట్టే సెన్సర్ ఉంది. నేను ముందు ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ పెట్టి ఆడా, చేతికి చాలా బాగుంటుంది గానీ గైరో లేదు, బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ గేమ్‌లో కంట్రోలర్‌ని వంచి బంతిని దొర్లించే గుడి ఒకటి వస్తుంది చూడు, అక్కడ ఆగిపోయి మళ్లీ జాయ్‌కాన్ తీయాల్సొచ్చింది. అందుకే అడాప్టర్ కొనేముందు ఆ గైరోని వాడుకునే మోషన్ సపోర్ట్ ఉందో లేదో చూసుకో. ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ దొరుకుతుందో లేదో కూడా చూసుకో, నా మొదటి అడాప్టర్ ఊరూపేరూ లేనిది, కన్సోల్ అప్‌డేట్ అయిన రోజే పనిచేయడం మానేసింది, దానికి అప్‌డేట్ ఫైల్ ఎక్కడా లేదు, పడేశా.

తొమ్మిది_పిన్నులు:
మా కాలంలో ఈ గొడవ ఉండేది కాదు అని చెప్పాలనిపిస్తోంది. 1977లో వచ్చిన అటారీ 2600 గేమ్ కన్సోల్‌కి తొమ్మిది పిన్నుల ప్లగ్ ఉండేది, సెగా వాళ్ల మెగా డ్రైవ్ కన్సోల్ ప్యాడ్‌కి కూడా అదే ఆకారం ప్లగ్, దాన్ని తెచ్చి 2600కి గుచ్చితే పనిచేస్తుంది, బీ బటన్ ఫైర్ అవుతుంది. ఎందుకంటే అప్పుడు భాష అంటూ ఏమీ లేదు, పైకి నొక్కితే ఒక తీగ గ్రౌండ్‌కి తగులుతుంది, కన్సోల్ ఆ తీగని చూస్తుంది, అంతే. అయితే ప్లగ్ పట్టింది కదా అని ప్రతిదానికీ గుచ్చొద్దు, కమోడోర్ 64 కంప్యూటర్‌కి మెగా డ్రైవ్ ప్యాడ్ నేరుగా పెడితే లోపలి చిప్ దెబ్బతినే ప్రమాదం ఉంది.

స్విచ్_కొత్త:
అందరికీ చాలా థ్యాంక్స్. సోల్డర్ అన్నా, ఎక్స్‌బాక్స్‌కి కూడా ఇలాంటి అడాప్టర్లు ఉన్నాయి అంటున్నారు కదా, అది కూడా తీసుకోనా?

సోల్డర్_బాబు:
వద్దు బ్రో. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లలో అధికారికంగా ఒప్పుకున్నదేనా అని కన్సోల్ చెక్ చేసే ఏర్పాటు ఉంటుంది, ఆ అడాప్టర్లు దాన్ని దాటే ప్రయత్నం చేసేవి. 2023 చివర్లో మైక్రోసాఫ్ట్ వాళ్లు అనుమతి లేని పరికరాలు పెడితే 0x82d60002 అని ఎర్రర్ చూపించి, రెండు వారాల తర్వాత ఆపేయడం మొదలుపెట్టారు. ఇవాళ పనిచేసిందని కొంటే రేపు గ్యారంటీ లేదు. ఫ్రెండ్ కన్సోల్‌ని ఫోన్‌లో రిమోట్ ప్లే (కన్సోల్‌లో నడిచే గేమ్‌ని నెట్ ద్వారా ఫోన్‌లో ఆడటం) పెట్టుకుంటే డ్యూయల్‌షాక్‌ని ఫోన్‌కి కలిపి ఆడొచ్చు, కానీ కొంచెం ఆలస్యం తెలుస్తుంది, ఫైటింగ్ గేములకి పనికిరాదు. సెకనుకి 60 ఫ్రేముల గేమ్‌లో ఒక్క ఫ్రేమ్ అంటే 16.7 మిల్లీసెకన్లే, నాలుగైదు ఫ్రేములు లేటైతే చేతికి తెలిసిపోతుంది.

స్విచ్_కొత్త:
అప్‌డేట్: అడాప్టర్ వచ్చింది, ఆ సెట్టింగ్ ఆన్ చేయగానే రెండో ప్రయత్నంలోనే కలిసింది!! మోషన్ కూడా పనిచేస్తోంది. కానీ సోఫాలో కూర్చుంటే మధ్యమధ్యలో బటన్ నొక్కింది పట్టట్లేదు, టీవీ దగ్గరికి వెళ్తే బాగుంటోంది. డాక్ వెనక మూత లోపలున్న పోర్ట్‌లో పెట్టా.

పిక్సెల్_అక్క:
అక్కడి నుంచి తీసెయ్ తమ్ముడూ. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌లో, అక్కడ చుట్టూ ప్లాస్టిక్, వెనక టీవీ దానికి అడ్డొస్తాయి. పక్కనున్న రెండు పోర్టుల్లో ఒకదానికి చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెట్టి అడాప్టర్‌ని టీవీ ముందుకి లాగు.

స్విచ్_కొత్త:
పక్క పోర్ట్‌కి మార్చి కేబుల్‌తో ముందుకి తెచ్చా, ఒక్కసారి కూడా తప్పలేదు. అక్క నిన్న రాత్రి రెండు గంటలు ఆడింది, నొప్పి అనలేదు. ఒక్క డౌట్, ఈ కంట్రోలర్‌ని తర్వాత ఎవరి పీఎస్5కైనా పెట్టుకోవచ్చా?

సోల్డర్_బాబు:
పెట్టుకోవచ్చు, పీఎస్4 గేములకి మాత్రమే, పీఎస్5 గేములకి అది ఒప్పుకోదు. కేబుల్‌తో కన్సోల్‌కి పెట్టి పీఎస్ బటన్ నొక్కితే దానికి కలుస్తుంది, మళ్లీ స్విచ్‌కి రావాలంటే అడాప్టర్‌తో ఇంకోసారి పెయిర్ చేసుకోవాలి.