మా బడి కాగితాన్ని ఏ కార్యాలయంలోనూ తీసుకోవడం లేదు, ఎవరికి ఇవ్వాలి?

రెండో తరగతి అమ్మ (తిరుపతి):
అందరికీ నమస్కారం. శనివారం సాయంత్రం ఆరింటికి కూర్చుని రాత్రి ఒంటిగంట దాకా నలుగురు తల్లులమూ ఇద్దరు టీచరమ్మలూ కలిసి నాలుగు పేజీల వినతిపత్రం రాశాము. ఆదివారం ఇంటింటికీ తిరిగి అరవై రెండు సంతకాలు చేయించాము. ఈ రోజు పని మానుకుని తీసుకువెళితే, మొదటి కార్యాలయంలో అది తమ పరిధిలోకి రాదన్నారు. వారు పొమ్మన్న రెండో చోట కాగితం మడత కూడా విప్పకుండా వెనక్కి ఇచ్చారు. మా బడిలో మరుగుదొడ్లకు నీళ్లు రావు. కుళాయి తల ఊడిపోతే సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంచారు. నాలుగో తరగతి పిల్లలు ఖాళీ రంగు డబ్బాలతో వీధి కుళాయి నుంచి నీళ్లు మోసుకువస్తున్నారు. దానికి తోడు ఒక టీచరమ్మను డిప్యుటేషన్ మీద మరో బడికి పంపి ఏడాది కావస్తోంది. ఈ కాగితాన్ని ఎవరి చేతిలో పెట్టాలో దయచేసి చెప్పండి.

ఒక్కమాట:
ఏ యాజమాన్యం?

రెండో తరగతి అమ్మ:
ప్రభుత్వ బడి అండీ. ప్రైవేటు బడి అయితే ఇక్కడెందుకు అడుగుతాను?

సుద్దముక్క (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, చిత్తూరు):
అమ్మా, మీరు మొదటి అడుగే తడబడ్డారు. అరవై రెండు సంతకాలున్నా వినతిపత్రం వినతిపత్రమే; మీరు పంపవలసింది బడి కమిటీ చేసిన తీర్మానం. మన రాష్ట్రంలో 1998 నాటి ప్రజాభాగస్వామ్య చట్టమే బడి కమిటీలలో తల్లిదండ్రులకు చోటు కల్పించింది. ఆ తరువాత 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షనులో, పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలనీ, సభ్యుల్లో సగం మంది మహిళలై ఉండాలనీ నిర్దేశించింది. ఆ కమిటీ తయారుచేసే పాఠశాల అభివృద్ధి ప్రణాళికే నిధులకు ఆధారం కావాలని 22వ సెక్షను చెబుతోంది. నా సర్వీసులో ఆ ప్రణాళికను తల్లులతో కలిసి కూర్చుని రాసిన బడులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నా బడి వాటిలో లేదని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

నీవా ఒడ్డు:
మాస్టారూ, యాజమాన్య కమిటీ అనే మాటే జనాన్ని బెదరగొడుతోంది. కూలికి వెళ్లే తల్లిని యజమాని అంటే ఆమె నమ్ముతుందా? బడుల మరమ్మతుల కోసం పెట్టిన నాడు-నేడు పథకం పనులు జరిగిన రోజుల్లో తల్లిదండ్రుల కమిటీ అనేవారు, అదే సూటిగా ఉండేది.

సుద్దముక్క:
సూటిగా ఉండవచ్చు. కానీ 2024 ఆగస్టులో జరిగిన ఎన్నికలు యాజమాన్య కమిటీ పేరుతోనే జరిగాయి. చట్టంలో ఉన్న పేరుతో రాస్తేనే కాగితం నిలుస్తుంది.

నీవా ఒడ్డు:
కాగితాలతో చదువు రాదు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ బడి వారు, ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు కార్డుల సాయంతో ఎవరి వేగంతో వారు నేర్చుకునే పద్ధతిని ఎన్నో ఏళ్ల క్రితమే రూపొందించారు. టీచరమ్మ వెళ్లిపోయిందని ఏడాదిగా వగచే బదులు ఉన్నవారితోనే అలాంటి ప్రయత్నం చేయవచ్చు కదా.

ఒక్కమాట:
పిల్లలు మరుగుదొడ్డికి నీళ్లు మోస్తున్నారు. కార్డులు తరువాత. అమ్మా, బోర్డు మీద ఏముంది?

రెండో తరగతి అమ్మ:
ఇప్పుడే వెళ్లి చూసి వచ్చాను. "నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాల" అని ఉంది. మా వీధిలో చింతచెట్టు బడి అనే అంటారు కాబట్టి ఎప్పుడూ చదవలేదు. పిల్లలు 98 మంది. జూన్‌లో 103 మంది ఉండేవారు, ఐదుగురు ప్రైవేటుకు వెళ్లిపోయారు.

ఒక్కమాట:
ఇది ముందే చెప్పవలసింది. 2022లో మున్సిపల్ బడుల పర్యవేక్షణను పాఠశాల విద్యాశాఖకు అప్పగించారు. స్థలమూ భవనమూ మాత్రం మున్సిపాలిటీల పేరిటే ఉండిపోయాయి. అందుచేత రెండు వేర్వేరు కాగితాలు రాయండి: నీళ్ల సంగతి నగరపాలక సంస్థ కమిషనరుకు, టీచరు సంగతి ఎంఈఓకు, అంటే మండల విద్యాధికారికి. రెండూ ఒకే కాగితంలో ఉంటే ఇద్దరూ ఒకరినొకరు చూపిస్తారు.

సుద్దముక్క:
98 అనే అంకె దగ్గర ఆగండి. ప్రాథమిక పాఠశాలలో 91 నుంచి 120 మంది వరకు పిల్లలుంటే నలుగురు ఉపాధ్యాయులు ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఉంది. ఆ నిష్పత్తిని నిలపడం కోసమే, ఒక బడికి నియమించిన ఉపాధ్యాయుడిని మరో బడిలో గానీ కార్యాలయంలో గానీ పనిచేయించకూడదని 25వ సెక్షను రెండో ఉపవిభాగం అంటోంది. ఎంఈఓకు రాసే కాగితంలో ఈ వాక్యాన్నే ముందు పెట్టండి. ఇక సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద వచ్చే పాఠశాల గ్రాంటు నూరు మంది దాటితే 50,000 రూపాయలు, దాటకపోతే 25,000. ఆ ఐదుగురు పిల్లలతో ఎంత పోయే ప్రమాదం ఉందో కమిటీలో చెప్పండి. గ్రాంటులో కనీసం పది శాతం పరిశుభ్రతకు కేటాయించాలి కనుక కుళాయి తలను ఆ సొమ్ముతోనే మార్చవచ్చు.

రెండో తరగతి అమ్మ:
కుళాయి తల మార్చినా నీళ్లు రావండీ. కాలువ తవ్వినప్పుడు రోడ్డు కింద పైపే తెగిపోయింది.

ఒక్కమాట:
ఇదీ ఇప్పుడే చెబుతున్నారా!

అలిపిరి మెట్లు:
కాగితం ఇచ్చాక ఊరుకోకండి. పైపు ఎప్పుడు సరిచేస్తారో అడిగితే జవాబు రాదు. ఆ బడి నీటి కనెక్షన్ మరమ్మతుపై ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారో, దానికి సంబంధించిన పత్రాల నకళ్లు కావాలని 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ముందు మీ కాగితానికి రసీదు తప్పక తీసుకోండి. ముద్ర లేని నకలు ఇంట్లో పడి ఉంటే ఉపయోగం లేదు.

నీవా ఒడ్డు:
కార్డుల మాటను ఎవరూ పట్టించుకోలేదు.

రెండో తరగతి అమ్మ:
ఈ రోజు బడి కమిటీ తీర్మానాల పుస్తకం అడిగి చూశాము. గత మూడు సమావేశాలకు అందరి సంతకాలూ ఉన్నాయి, పైన తీర్మానం రాయవలసిన చోటంతా ఖాళీగా ఉంది. వాటిలో నా సంతకం కూడా ఉంది. శుక్రవారం మళ్లీ సమావేశం పెడుతున్నాము, రెండు కాగితాలూ అప్పుడే రాస్తాము. అందరికీ ధన్యవాదాలు. ఆ పాత ఖాళీ పేజీలను కొట్టివేయాలా, అలాగే వదిలేయాలా మాస్టారూ?