దీనారం: వెండి పేరు బంగారానికెలా వచ్చింది?

అందరికీ నమస్కారం. ‘దీనార టంకాల దీర్థమాడించితి’ అని శ్రీనాథుడు చెప్పుకున్నది కనకాభిషేకం గురించే కదా. అంటే దీనారం బంగారు నాణెం. కానీ ఆ మాటకు మూలమైన రోమన్ల ‘దినారియస్’ వెండిది. వాళ్ల బంగారు నాణెం ‘ఔరియస్’. మరి వెండి పేరు బంగారానికి ఎందుకొచ్చింది?

— దినారియస్‌లో అసలు లోహం పేరే లేదండీ. లాటిన్ ‘డేనీ’ అంటే అచ్చంగా మన ‘పదేసి’. పది ‘ఆస్’ నాణేలకు ఒకటి అని. తర్వాత మారకం 16కి పెరిగినా పేరు పదేసి దగ్గరే ఉండిపోయింది! ఇక ఔరియస్ ఉత్త విశేషణం, ‘బంగారుది’ అని. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత పెట్రోనియస్ కథలో కొత్తగా డబ్బు చేసిన ఆసామి ఒకడు తెల్ల పావులు, నల్ల పావుల బదులు బంగారు, వెండి దినారియస్‌లు పెట్టి ఆడతాడు. అంటే రోములోనే రెంటినీ ఆ పేరుతో పిలిచేవారు. విలువలో మాత్రం బంగారుది ఒకటి, వెండివి 25.

— ఇటు మన దేశం వైపు సంగతి కూడా చూడాలి. 1786లో నెల్లూరు దగ్గర పొలం దున్నుతుంటే కుండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల కాలం నాటివి. కుషాణుల బంగారు నాణెం కూడా దాదాపు 8 గ్రాములు, పాత ఔరియస్ తూకమే. (క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి ఒక రోమన్ పౌండు బంగారానికి 40 ఔరియస్‌ల బదులు 45 కొట్టించి తూకం తగ్గించాడు. పాలకులకు ఇది పాత అలవాటే.) గుప్తుల శాసనాల్లో దీనారం బంగారమే. నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనంలో ‘దీనారి మాషకాలు’ అనే నాణేలు ఉన్నాయి. శ్రీనాథుడికి వెయ్యేళ్ల ముందే మాట కృష్ణ ఒడ్డుకు చేరిందన్నమాట.

— మా తెలంగాణలో ‘పైసలున్నయా’ అంటే చిల్లర అడిగినట్టా? నాణెం పేరు మొత్తం డబ్బుకే పేరైంది. స్పానిష్‌లో డబ్బును ‘దినేరో’ అంటారు, అదీ దినారియసే. కువైట్‌లో ఉన్న మా బావ నెలనెలా లెక్కపెట్టుకునేదీ అదే మాట, కాకపోతే కాగితం మీద.

— ధన్యవాదాలండీ, ‘పదేసి’తో నా చిక్కు వీడింది. ఇంకో సరదా. రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఔరియస్‌ను పక్కన పెట్టి రోమన్ పౌండు బంగారానికి 72 చొప్పున ‘సాలిడస్’ అనే నాణెం తెచ్చాడు. సాలిడస్ అంటే గట్టిది. లోహాలు అతికే ‘సోల్డర్’ కూడా ఆ మాట నుంచే పుట్టింది. మన టంకమూ అటు నాణెం, ఇటు అతుకు. కాకతాళీయమే అనుకోండి, చెప్పకుండా ఉండలేకపోయాను.