ఆరోగ్య బీమాలో కనీస కవరేజీ: ఏది తప్పనిసరి చేయాలి, ఏది కొనేవాళ్లకే వదిలేయాలి?

పాలసీపేజీ:
ప్రతి పాలసీలో కనీసం ఇంత ఉండి తీరాలని ప్రభుత్వమే గీత గీయాలా? బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇప్పటికే కొంత గీసింది. 2024 ఏప్రిల్ 1 నుంచి పాత జబ్బుల వెయిటింగ్ పీరియడ్ (వాటికి క్లెయిమ్ ఇవ్వకుండా ఆగాల్సిన కాలం) 36 నెలలు దాటకూడదు, అంతకుముందు 48 ఉండేది. పాలసీ ఆగకుండా 60 నెలలు నడిస్తే, మోసం రుజువైతే తప్ప, "కొన్నప్పుడు జబ్బు దాచారు" అని క్లెయిమ్ తిప్పికొట్టడానికి లేదు. ఈ మాత్రం చాలా? క్లెయిముల పని తెలిసినవాళ్లు చెప్పండి.

క్లెయిమ్‌డెస్క్:
చాలదండి. ఏ జబ్బుకు డబ్బిస్తారన్న జాబితా మీదే అందరి దృష్టీ ఉంది. జేబుకు చిల్లు పడేది రూమ్ రెంట్ లిమిట్, అంటే గది అద్దెకు పాలసీ పెట్టే హద్దు దగ్గర. ఒక బిల్లు చూడండి.

పాలసీ 5 లక్షలు, రూమ్ రెంట్ రోజుకు 1 శాతం, అంటే 5,000. చేరిన గది 8,000, నాలుగు రోజులు. గది అద్దె 32,000. సర్జన్, మత్తు డాక్టర్, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి 1,60,000. మందులు, ఇంప్లాంట్, పరీక్షలు 90,000. మొత్తం 2,82,000.

అద్దెలో పాలసీ ఇచ్చేది 20,000. గది హద్దు దాటింది కాబట్టి ఆపరేషన్ ఖర్చుల్లో కూడా 5,000కు 8,000కు ఉన్న నిష్పత్తిలోనే ఇస్తారు, అంటే 62.5 శాతం, లక్ష రూపాయలు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ కోత వేయకూడదని నిబంధన ఉంది కాబట్టి ఆ 90,000 పూర్తిగా రావాలి. వచ్చేది 2,10,000, మీరు కట్టేది 72,000. గదికి రోజుకు 3,000 తేడాయే కదా అనుకుని చేరినవాళ్లకు 12,000 బదులు 72,000 పడింది.

పొరపాటున కోత మొత్తం బిల్లు మీద వేస్తే చేతికొచ్చేది 1,76,250. అంటే 33,750 అన్యాయంగా పోయినట్టు. సెటిల్‌మెంట్ లెటర్‌లో ప్రతి వరుసకూ ఎంత తగ్గించారో చూసుకోండి. ఐసీయూ ఛార్జీల మీద ఈ కోత ఉండకూడదు. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రిలో అసలే ఉండకూడదు. అందరికీ ఒకే రేటని ఆసుపత్రి నుంచి కాగితం తెచ్చుకుంటే ఆ వాదన నిలుస్తుంది.

లెక్కలపుస్తకం:
క్లెయిమ్‌డెస్క్ గారి లెక్క సరిగ్గా ఉంది. కానీ రూమ్ లిమిటే ఉండకూడదని చట్టం చేస్తే ప్రీమియం పెరుగుతుంది. చిన్న ఊళ్లో మామూలు గదితో సరిపెట్టుకునేవాళ్లు కూడా పెద్ద ఆసుపత్రి గది ధరకు కట్టాల్సి వస్తుంది. బీమాయే మానేస్తే వాళ్లకు ఏ కనీస ప్రమాణమూ మిగలదు. అందుకే ఆరోగ్య సంజీవని అనే ప్రామాణిక పాలసీ పద్ధతి నాకు మేలనిపిస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి ఏ కంపెనీ దగ్గర కొన్నా నిబంధనలు ఒకటే, ధర మాత్రం వేరు. గదికి పాలసీ మొత్తంలో 2 శాతం, రోజుకు 5,000 మించకుండా. ఐసీయూకు 5 శాతం, 10,000 మించకుండా. ప్రతి క్లెయిమ్‌లో 5 శాతం కో-పే, అంటే మన జేబులోంచి కట్టే వాటా. లోట్లున్నాయి, కానీ రెండు కంపెనీల ధరలు పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

పాలసీపేజీ:
ఆ 5,000 హద్దు 2020లో పెట్టిన అంకె. గది అద్దెలు అక్కడే ఆగవు కదా. అంకెను చట్టంలో బిగించేస్తే ఏటా దాని విలువ కరిగిపోతుంది.

లెక్కలపుస్తకం:
ఒప్పుకుంటాను. హద్దును శాతంలోనే ఉంచి, రూపాయల అంకె తీసేయాలి. ఇంకో సంగతి. అమెరికాలో 2010 చట్టం పది రకాల సేవలు తప్పనిసరి చేసి ఊరుకోలేదు. విడిగా కొనే పాలసీల ప్రీమియంలో కనీసం 80 శాతం వైద్యానికి, నాణ్యత పెంచే పనులకు పోవాలి, లేకపోతే తేడా వెనక్కివ్వాలి. మన దగ్గర నిర్వహణ ఖర్చుకు హద్దు ఉంది: జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలకు ప్రీమియంలో 30 శాతం, ఆరోగ్య బీమా ఒక్కటే చేసేవాటికి 35. క్లెయిములకు ఇంత పోవాలన్న హామీ వేరు, ఖర్చు ఇంత మించొద్దన్న హద్దు వేరు. కవరేజీ పెంచమని అడిగేవాళ్లు ముందు ఆ హామీ అడగాలి.

వార్డుబాయి_కాదు_కౌన్సెలర్:
మానసిక జబ్బుల మాట ఎవరూ ఎత్తలేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం, సెక్షన్ 21(4), శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలంటుంది. కాగితం మీద ఇంతకంటే మంచి ప్రమాణం లేదు. కానీ చాలా పాలసీలు 24 గంటలు ఆసుపత్రిలో ఉంటేనే డబ్బిస్తాయి. డిప్రెషన్‌కు వాడే మందులు, నెలకోసారి డాక్టర్ దగ్గరికి వెళ్లడం, కౌన్సెలింగ్, ఇవన్నీ ఓపీ కిందకే వస్తాయి. సమానత్వం పాటించినట్టే ఉంటుంది, రోగికి మాత్రం రూపాయి అందదు. తప్పనిసరి చేయాల్సింది ఏదైనా ఒక్కటి ఎంచమంటే నేను కనీస ఓపీ కవరేజీనే ఎంచుతాను. షుగర్, బీపీ వాళ్లకూ అదే దిక్కు.

క్లెయిమ్‌డెస్క్:
ఈ మాటతో నేనూ ఏకీభవిస్తాను. రోబోటిక్ సర్జరీ, నోటి ద్వారా ఇచ్చే కీమోథెరపీ లాంటి 12 ఆధునిక చికిత్సలదీ ఇదే కథ. వాటిని మినహాయించకూడదని నిబంధన ఉంది, సబ్ లిమిట్ (ఆ చికిత్సకు ఇంతవరకే ఇస్తామన్న విడి హద్దు) పెట్టుకోవచ్చనీ ఉంది. "కవర్ అవుతుంది" అన్న మాట విని ఆగిపోకండి, ఎంత వరకో అడగండి.

కొత్తపాలసీ:
క్యాష్‌లెస్‌కు (కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతికి) అనుమతి గంటలో, డిశ్చార్జ్‌కు మూడు గంటల్లో ఇవ్వాలంటున్నారు. ఆలస్యమైతే ఏం చేయాలండి?

క్లెయిమ్‌డెస్క్:
2024 మే 29 సర్క్యులర్ ప్రకారం ఆ మూడు గంటలు ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అభ్యర్థన కంపెనీకి చేరినప్పటి నుంచి మొదలవుతాయి. డాక్టర్ "ఇంటికి వెళ్లొచ్చు" అన్నప్పటి నుంచి కాదు. బిల్లు తయారీకి ఆసుపత్రి తీసుకున్న సమయం ఇందులోకి రాదు. అందుకే ఇన్సూరెన్స్ డెస్క్ ఫైనల్ బిల్లు పంపిన సమయం రాయించుకోండి, కుదిరితే ఆ ఈమెయిల్ ఫోటో తీసుకోండి. మూడు గంటలు దాటాక ఆసుపత్రి అదనంగా వేసిన అద్దె కంపెనీయే భరించాలి.

క్లెయిమ్ తిరస్కరిస్తే కారణాన్ని పాలసీలోని ఏ క్లాజ్ కిందో రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదు విభాగానికి రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తీర్పిచ్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల వరకు వింటారు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. తీర్పు వచ్చాక 30 రోజుల్లో అమలు చేయకపోతే కంపెనీ రోజుకు 5,000 చొప్పున మీకు చెల్లించాలి.