‘పదునెరిగి పైరు’: పదును అంటే తడేనా? కుండీ మట్టికి ఈ మాట నప్పుతుందా?

కుండీతోట:
‘అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు’ అంటారు కదా, ఇందులో పదును అంటే కచ్చితంగా ఏమిటండీ? మొదటిసారి ఇంట్లో కుండీల్లో మొక్కలు పెంచేవాళ్ల కోసం మట్టి, పోషకాల మీద చిన్న పుస్తకం తయారవుతోంది. చిత్తుప్రతిలో ‘మట్టిలో ఎప్పుడూ తేమ ఉండాలి’ అన్న వాక్యం ఉంది. దిద్దిన పెద్దాయన ‘తేమ’ కొట్టేసి ‘పదును’ అని రాశారు. కత్తికి పెట్టే పదునూ ఇదీ ఒకటేనా? తేమ అంటే సరిపోదా?

పదకోశం:
పదను, పదును రెండూ వాడుకలో ఉన్న రూపాలే. కత్తి అంచుకీ, మట్టి తడికీ ఒకే మాట ఎలా అయిందంటే, ఒక వస్తువు తన పనికి సరిగ్గా సిద్ధమైన స్థితి అనుకోండి, రెండూ కలుస్తాయి. కత్తి కోతకు సిద్ధం, నేల నాగలికో విత్తనానికో సిద్ధం. ‘పదును వాన’ అంటే కుండపోత కాదు, విత్తడానికి చాలినంత వాన. ‘పదును ఆరిపోయింది’ అంటే నేలలో చుక్క నీరు లేదని కాదు, పని జరిగే దశ దాటిపోయిందని. తేమ కొంచెం ఉండొచ్చు, ఎక్కువ ఉండొచ్చు, అది కొలత. పదును మాత్రం ఉంటుంది లేదా పోతుంది. పెద్దాయన దిద్దింది మాటను కాదు, అర్థాన్ని.

మెట్టసేద్యం:
బాగా చెప్పారు. ఆ వాక్యంలో తేమ ఉంచేస్తే చదివినవాళ్లు రోజూ నీళ్లు పోస్తారు. కొత్తవాళ్ల కుండీల్లో మొక్కలు చావడానికి ఎండ కంటే నీళ్లే ఎక్కువ కారణం.

పదునున్న మట్టిలో సన్న సందుల్లో నీరు, పెద్ద సందుల్లో గాలి ఉంటాయి. వేరు ఊపిరి పీల్చుకుంటేనే పోషకాలను లోపలికి లాగగలదు. సందులన్నీ నీటితో నిండితే మట్టిలో ఎంత బలమున్నా వేరు అందుకోలేదు. అప్పుడు ఆకు పసుపెక్కుతుంది. అది చూసి ఆకలి అనుకుని ఇంకో చెంచా ఎరువు వేస్తారు, చెడిన వేరు మీద ఎరువులోని ఉప్పు పడుతుంది.

పరీక్షకు పిడికిలి చాలు. రెండు అంగుళాల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి గట్టిగా నొక్కండి. వేళ్ల సందుల్లోంచి నీరు కారితే పదును మించింది. చెయ్యి తెరవగానే పొడిపొడిగా రాలితే పదును ఆరింది. ముద్దగా నిలబడి, బొటనవేలితో మెల్లగా నొక్కగానే పగిలి విడిపోతే అదే పదును. నొక్కినా పగలకుండా అణిగిపోతే మట్టిలో బంక ఎక్కువ, అది కుండీకి పనికిరాదు.

కుండీతోట:
పొలంలో సరే. కుండీకి ఇదే మాట నప్పుతుందా? అడుగున కంకర వేస్తే నీరు నిలవదని కూడా చిత్తుప్రతిలో ఉంది.

మెట్టసేద్యం:
కంకర వాక్యం తీసెయ్యండి. పొలంలో అదనపు నీరు కిందికి దిగిపోతుంది. కుండీలో అడుగు దగ్గర ఆగుతుంది. నీరంతా కారిపోయాక కూడా అడుగున కొంత మందం పూర్తిగా తడిసే ఉంటుంది. ఆ మందం మట్టి రేణువుల సన్నదనాన్ని బట్టి ఉంటుంది, కుండీ లోతును బట్టి కాదు. అందుకే ఒకే మట్టి పోసినా లోతు తక్కువ కుండీలో వేళ్లకు మిగిలే గాలి చోటు తక్కువ. కంకర పోస్తే ఆ తడి పొర తగ్గదు, కంకర మీదికి జరుగుతుంది. మొక్కకు అంత మట్టి నష్టం. బెజ్జం మీద మట్టి జారకుండా చిన్న జాలీ ముక్క చాలు.

మార్చాల్సింది మట్టినే. ఘనపరిమాణంలో కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) 4 పాళ్లు, బాగా మాగిన కంపోస్టు 3 పాళ్లు, ముతక పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్ల రాతి పలుకులు) గానీ ముతక ఇసుక గానీ 3 పాళ్లు కలిపి మొదలుపెట్టవచ్చు. సన్న ఇసుక వద్దు, పెద్ద సందులను పూడ్చేస్తుంది. కోకోపీట్‌ను ఎందుకు కడగాలో కూడా రాయండి. అందులో సోడియం, పొటాషియం సహజంగానే ఉంటాయి. కడిగితే నీటిలో కరిగేవి పోతాయి గానీ పీచుకు పట్టుకున్నవి పోవు. వాటి చోట కాల్షియం చేరాలంటే కాల్షియం నైట్రేట్ ద్రావణంలో ఒక రాత్రి నానబెట్టి మళ్లీ కడగాలి. ఈ పని చేయకపోతే మనం ఇచ్చే కాల్షియం, మెగ్నీషియంలను ముందు పీచే లాక్కుంటుంది, మొక్కకు తర్వాతే.

ఇంకో సంగతి. పూర్తిగా ఎండిన కోకోపీట్ నీటిని తీసుకోదు. పోసిన నీరు కుండీ గోడ వెంబడి జారి కిందికి వచ్చేస్తుంది, పైన చూస్తే తడిసినట్టే ఉంటుంది. కుండీని ఎత్తి చూస్తే బరువు చెబుతుంది. తేలిగ్గా ఉంటే తొట్టిలో నీళ్లు పోసి అరగంట కుండీని అందులో కూర్చోబెట్టాలి.

ఆకుపచ్చ:
ఒక విన్నపం. ‘ఆకులు పసుపుపచ్చబడటం’ అని ఒక్క మాటతో సరిపెట్టకండి. దేనికి ఏమనాలో మన మాటల్లోనే తేడా ఉంది.

అడుగునున్న ఒకటి రెండు ముసలి ఆకులు పండి రాలితే అది పండాకు, జబ్బు కాదు. అడుగు ఆకులన్నీ ఈనెలతో సహా ఒకే తీరుగా పాలిపోతూ పైకి ఎక్కితే నత్రజని లోపం. నత్రజని మొక్కలో కదిలే పోషకం. చాలనప్పుడు ముసలి ఆకులోంచి లాగి చిగురుకు పంపుతుంది, కాబట్టి దెబ్బ కింద కనిపిస్తుంది. అడుగు ఆకుల్లోనే ఈనెలు పచ్చగా మిగిలి నడుమ పసుపెక్కితే మెగ్నీషియం. అంచులు మాడితే పొటాషియం. అదే ‘పచ్చ ఈనెలు, పసుపు నడుమ’ చిగురులో కనిపిస్తే ఇనుము, ఎందుకంటే ఇనుము కదలదు. చిగురు ముడుచుకుని, వంకరపోయి, కొస చచ్చిపోతే కాల్షియం వైపు చూడాలి.

ఒక్క ఆకును దగ్గరగా చూపించి రాస్తే పాఠకుడు మరిచిపోడు. మిరప చిగురాకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సన్న ఈనెలు కూడా పచ్చటి వలలా కనిపిస్తాయి, వల కళ్లు మాత్రం లేత పసుపు. అది ఇనుము అందని ఆకు. ‘అందని’ అన్నాను, ‘లేని’ అనలేదు.

పదకోశం:
ఆ తేడా పుస్తకంలో తప్పక ఉండాలి. లోపం అనే మాట ఒక్కటే ఈ రెండింటినీ మింగేస్తోంది. లేకపోవడం ఒకటి, ఉండీ అందకపోవడం ఒకటి. రెండోదానికి ‘అందమి’ లాంటి కొత్త మాట పుట్టించనక్కర్లేదు, ‘పోషకం అందడం లేదు’ అంటే చాలు.

ఆకుపచ్చ:
అందకపోవడానికి పెద్ద కారణం పీహెచ్, అంటే మట్టి పులుపో క్షారమో చెప్పే అంకె. 7 కంటే తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం. మట్టి ఆధారంగా ఉన్న మిశ్రమానికి 6.0 నుంచి 6.8 దాకా, అచ్చంగా కోకోపీట్‌కు 5.5 నుంచి 6.5 దాకా ఉంటే మేలు. 7.5 దాటితే ఇనుము, మాంగనీసు, జింకు మట్టిలో ఉన్నా కరగవు. గట్టి నీరు నెలల తరబడి పోస్తే అందులోని బైకార్బొనేట్ వల్ల పీహెచ్ మెల్లగా పైకి పాకుతుంది. కొలవడానికి ఒక పాలు మట్టి, రెండు పాళ్ల స్వేదన జలం కలిపి, అరగంట ఆగి, మళ్లీ కలిపి మీటరు ముంచాలి. మీటరును ముందుగా పీహెచ్ 7.0, 4.0 అని తెలిసిన ద్రావణాలతో సరిచేయకపోతే ఆ అంకెను నమ్మలేం.

పీహెచ్ ఎక్కువున్న మట్టికి ఇనుము ఇచ్చేటప్పుడు కూడా, దాన్ని కరిగి ఉండేలా పట్టి ఉంచే పదార్థం పేరు డబ్బా మీద చూసుకోవాలి. ఈడీటీఏ రకం ఇనుము 6.5 దాటాక నిలవదు, ఈడీడీహెచ్ఏ రకం నిలుస్తుంది. గంధకంతో పీహెచ్ దించవచ్చు గానీ దాన్ని మట్టిలో సూక్ష్మజీవులు మార్చాలి. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. నాలుగు రోజులకే ఫలితం లేదని మళ్లీ వేయడం పెద్ద తప్పు.

మెట్టసేద్యం:
ఎరువు ఎక్కువైనప్పటి సంగతికి మనకు అచ్చమైన మాట ఉంది, చౌడు. పాలచౌడు, కారుచౌడు అని రెండు రకాలు చెబుతారు. తెల్లగా ఉప్పు పేరుకున్నది పాలచౌడు. కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పెచ్చు కనిపిస్తే, ఆకు కొసలు గోధుమరంగులో కాలినట్టు ఉంటే, ఆ కుండీకి పాలచౌడు పట్టినట్టే. పొలంలో చేసే వైద్యమే ఇక్కడా. పైపెచ్చు గీకి తీసేసి, మంచినీళ్లు మెల్లగా పోసి ఉప్పును కిందికి కడిగేయాలి. పది లీటర్ల కుండీకి ఇరవై నుంచి ముప్పై లీటర్లు, రెండు మూడు విడతల్లో. కింద పళ్లెంలో చేరిన నీటిని పారబోయాలి, లేకపోతే కడిగిన ఉప్పే మళ్లీ పైకి ఎక్కుతుంది. నీరు బెజ్జంలోంచి జారకుండా నిలిచిపోతుంటే మాత్రం కడగొద్దు, ముందు మట్టి మార్చాలి.

చౌడు పట్టకుండా ఉండాలంటే, నీటిలో కరిగే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్నది) లాంటి ఎరువును లీటరుకు ఒక గ్రాముతో మొదలుపెట్టండి, వారానికి ఒకసారి, తడి మట్టి మీదే. పోసిన దాంట్లో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా కిందికి కారాలి. మాగని పశువుల ఎరువు, పచ్చి రంపపు పొట్టు కలపొద్దు. మొదటిదాంట్లోంచి వచ్చే అమోనియా వేళ్లను కాలుస్తుంది. రెండోదాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని తామే వాడుకుంటాయి.

కుండీతోట:
అయితే వాక్యం ఇలా మారుస్తున్నాం: ‘మట్టి పదును మీద ఉండాలి. ఆకు పసుపెక్కితే ఎరువు డబ్బా తెరవకముందు పిడికిలి పరీక్ష చెయ్యండి, తర్వాత పీహెచ్ చూడండి. ఈ రెండూ సరిగ్గా ఉంటేనే ఎరువు.’

పదకోశం:
‘పదును మీద ఉండాలి’ చక్కటి వాడుక, అలాగే ఉంచండి. పక్కన పిడికిలి బొమ్మలు మూడు వేయించండి: మించినది, ఉన్నది, ఆరినది. మాట తెలియనివాళ్లకు బొమ్మ చెబుతుంది, ఆ తర్వాత మాట గుర్తుంటుంది.