గ్రౌండ్ మూసేస్తే పిల్లల టీమ్‌కు రోజూ లైవ్ ట్రైనింగా, వారపు షీటా?

టచ్‌లైన్
మహమ్మారి వచ్చి గ్రౌండ్లు మూతపడ్డాయి. 12–14 ఏళ్ల ఫుట్‌బాల్ పిల్లలు 18 మంది, కోచ్‌లు ఇద్దరు అనుకుందాం. ఒక దారి: రోజూ సాయంత్రం 45 నిమిషాలు అందరినీ వీడియో కాల్‌లోకి పిలిచి ఆడించడం. ఇంకోటి: వారానికో షీట్ పంపి, వీలున్నప్పుడు చేసుకోమనడం. నా ఓటు లైవ్‌కే. షీట్ చేతికిస్తే పిల్లలు మిగులుతారు గానీ టీమ్ మిగలదు. కాదంటే ఎందుకో చెప్పండి.

గోడపాస్
కాదనే అంటాను. 18 మంది ఒక్క తెర మీదుంటే ఒక్కొక్కరు తపాలా బిళ్లంత కనిపిస్తారు. ఫోన్ బల్ల మీద ఆనిస్తారు కాబట్టి నడుము పైభాగమే కనబడుతుంది. పాదం కనబడకుండా ఫస్ట్ టచ్‌లో, అంటే వచ్చిన బంతిని మొదటిసారి అదుపు చేయడంలో, ఏం సరిదిద్దుతారు? మాట ఆలస్యంగా చేరుతుంది గనక "ఒకటి, రెండు" అని లెక్కపెడితే ఏ ఇద్దరి అడుగూ కలవదు. చాలా ఇళ్లలో ఫోన్ ఒక్కటే, అదీ అక్క ఆన్‌లైన్ క్లాసులో ఉంటుంది. జూమ్ ఉచిత ఖాతాలో గ్రూప్ కాల్ 40 నిమిషాలకే తెగిపోతుంది.

షీట్ అంటే "రోజూ ప్రాక్టీస్ చేయి" అని రాసివ్వడం కాదు. గోడకు రెండు మీటర్ల దూరంలో నిలబడి కుడి పాదం లోపలి అంచుతో 50 పాస్‌లు, ఎడమతో 50. తర్వాత ఒక పాదంతో ఆపి రెండో పాదంతో కొట్టడం 30 సెకన్లు, నాలుగు సార్లు, మధ్యలో 30 సెకన్ల విరామం. గోడ లేకపోయినా, కింద అద్దెకున్నవాళ్లు ఊరుకోకపోయినా మేజోళ్ల ఉండతో అరికాలి రోల్స్, టో ట్యాప్స్ (బంతి పైభాగాన్ని ఒక పాదం తర్వాత ఒకటి తాకించడం). టైల్స్ మీద ఒట్టి సాక్సులతో ఆడనివ్వొద్దు, జారిపడతారు. బూట్లు ఉండాలి.

సెకండ్‌బాల్
షీట్ ఎంత బాగా రాసినా మూడో వారానికి ఫ్రిజ్ మీద అలంకారమే. మొదటి వారం అన్ని గళ్లలో టిక్కులు, రెండో వారం అమ్మ పెట్టిన టిక్కులు. పిల్లలకు కరువైంది టో ట్యాప్స్ కాదండీ, పక్కనుండే పిల్లలు.

అలాగని టచ్‌లైన్ గారి 45 నిమిషాలూ నిలవవు. 18 మందిని ఆరుగురి చొప్పున మూడు గుంపులు చేసి, ఒక్కో గుంపుకు వారానికి రెండు కాల్స్, 30 నిమిషాలు చాలు. అందులో బంతి పని 15 నిమిషాలే, మిగతాది కబుర్లు. బంతి మీద అరికాలు మార్చుకుంటుంటే కోచ్ వేళ్లు చూపిస్తాడు, పిల్లలు అదే అంకె చేత్తో చూపాలి. తల ఎత్తే అలవాటు అక్కడ వస్తుంది. నోటితో చెప్పమంటే మ్యూట్ తీసేలోపు ఆట అయిపోతుంది. ఫోన్ నేల మీద, మూడు మీటర్ల దూరంలో, గోడకు ఆనించి కాస్త పైకి వంచితే గోడపాస్ గారు అడిగిన పాదం కూడా కనబడుతుంది. గుంపుల్ని రెండు వారాలకోసారి కలపండి, లేకపోతే ఒక టీమ్ మూడు ముక్కలవుతుంది.

ఐస్‌ప్యాక్
మీరు తేల్చుకునేలోపు అసలు పోయేది ఇంకోటి ఉంది. గదిలో ఎన్ని చేసినా పూర్తి వేగంతో పరుగు, దాన్ని ఒక్కసారిగా ఆపడం, ఈ రెండూ ఉండవు. తొడ వెనక కండరం దెబ్బతినేది సరిగ్గా అక్కడే. జట్టు డాక్టర్లున్న పెద్దవాళ్లకే ఇది సమస్య: జర్మనీ ఫుట్‌బాల్ లీగ్ బుండెస్‌లీగా 2020 మే 16న మళ్లీ మొదలవడానికి వారం ముందే మ్యాచ్‌కు ముగ్గురికి బదులు ఐదుగురు సబ్‌స్టిట్యూట్లను అనుమతించారు. పిల్లల్ని గేటు తీసిన రోజే మ్యాచ్‌లోకి దించేద్దామంటే ఎలా?

ఇంట్లో నార్డిక్ హ్యామ్‌స్ట్రింగ్ చేయించొచ్చు, అంటే మోకాళ్ల మీద నిలబడి ఒళ్లు నిటారుగా ఉంచి మెల్లగా ముందుకు వాలడం. మోకాళ్ల కింద దిండు, మడమల్ని పెద్దవాళ్లెవరైనా గట్టిగా పట్టుకోవాలి. సోఫా కింద పాదాలు దూర్చితే సోఫా లేస్తుంది, మొహం నేలకు తగులుతుంది. 3 నుంచి 5 సార్లతో మొదలు. ఫీఫా 11+ వార్మప్ మొదటి స్థాయిలో ఉన్న లెక్క అదే, అయితే అది 14 ఏళ్లు, ఆపైవాళ్ల కోసం. చిన్నవాళ్లకు 11+ కిడ్స్ వేరుగా ఉంది.

సిమెంటు నేల మీద గెంతులు మాత్రం తగ్గించండి. ఈ వయసులో మోకాలి కింది బొడిపె దగ్గర, మడమ వెనక నొప్పి వచ్చేది ఎముక పెరిగే చోట స్నాయువు లాగడం వల్ల. నెలకోసారి గోడ మీద ఎత్తు గీయమనండి. 0.6 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంటే ఆ నెల గెంతులు సగం చేయాలి.

టచ్‌లైన్
ఐస్‌ప్యాక్ గారూ, గెంతుల సంగతి ఒప్పుకున్నాను. గ్రౌండ్ తెరిచాక ఏ వరస?

ఐస్‌ప్యాక్
మొదటి వారం 20 మీటర్ల పరుగులు ఆరు, ముక్కాలు వేగంతో, మధ్యలో నిమిషం నడక. రెండో వారం 30 మీటర్లు, దాదాపు పూర్తి వేగం. మూడో వారం పూర్తి వేగం, నలుగురితో నలుగురు చిన్న గేమ్‌లు. మ్యాచ్ నాలుగో వారం నుంచే, అదీ సగం సమయం. జబ్బుపడి లేచిన పిల్లలకు ఈ లెక్క వర్తించదు. ఆడుతుంటే ఛాతీ నొప్పి, గుండెదడ, కళ్లు తిరగడం ఉంటే ఆపేసి డాక్టర్ దగ్గరికి.

లెఫ్ట్‌ఫుట్
పోటీ పెడితే షీట్ కూడా బతుకుతుంది. 30 సెకన్లలో ఎన్ని గోడ పాస్‌లో రాసి, ర్యాంకుల పట్టిక గ్రూప్‌లో పెట్టండి.

సెకండ్‌బాల్
పట్టికలో పైన ఉండేది పెరడున్న పిల్లాడు, అడుగున ఉండేది ఒక్క గదిలో ఐదుగురితో ఉండే పిల్లాడు. అది ఆట కొలత కాదు, ఇంటి కొలత. తన పాత లెక్కతో తననే పోల్చండి, లేదా టీమ్ మొత్తానికి వారానికి 20,000 టచ్‌లని పెట్టి అందరివీ కలపండి. 300 పంపినవాడూ అందులో ఉంటాడు.

పెవిలియన్
ఎవరూ ఎత్తని విషయం. లింక్ పిల్లలకు కాదు, తల్లిదండ్రులకు పంపాలి. కాల్‌లో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి, కోచ్ ఒప్పుకుంటేనే లోపలికి రానిచ్చే వెయిటింగ్ రూమ్ ఆన్‌లో ఉండాలి, రికార్డింగ్ వద్దు. కోచ్ ఒక పిల్లాడితో విడిగా చాట్ చేయకూడదు, చెప్పాల్సింది తల్లో తండ్రో ఉన్న గ్రూప్‌లోనే. కెమెరా ఆన్ చేయమని బలవంతపెట్టొద్దు. ఇల్లు చూపించడం కొందరికి ఇష్టముండదు.

గోడపాస్
కెమెరా ఆపేస్తే ఇక లైవ్ దేనికండీ, అదీ షీటేగా?

సెకండ్‌బాల్
కాదు. వాడి గొంతు వినబడుతుంది, వాడి జోకుకు మిగతా ఐదుగురు నవ్వుతారు. షీట్ నవ్వదు.

గోడపాస్
సరే, వారానికి రెండు కాల్స్‌కి ఒప్పుకుంటాను, హాజరు పట్టీ మాత్రం వద్దు. వరసగా రెండు కాల్స్‌కి రాని పిల్లాడి ఇంటికి ఫోన్ చేసి "ఎలా ఉన్నారు" అని అడగండి, "ఎందుకు రాలేదు" అని కాదు.

టచ్‌లైన్
హాజరు రాయకపోతే రెండుసార్లు రాలేదని తెలిసేదెలా గోడపాస్ గారూ?

గోడపాస్
కోచ్ డైరీలో రాసుకోండి. గ్రూప్‌లో పెట్టకండి.