పాత మెరైన్ డీజిల్: ఆయిల్ లీకులు మనమే ఆపుకోవాలా, మెకానిక్‌కే వదిలేయాలా?

పాతపడవ:
మా పడవలో ఉన్నది నాలుగు సిలిండర్ల ఇంజన్, వయసు ముప్పై దాటింది. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది, పొగ లేదు, ప్రెషర్ ముల్లు ఉండాల్సిన చోటే ఉంటోంది. కాకపోతే పది గంటలు నడిపితే కింద ట్రేలోకి అర లీటరు దాకా ఆయిల్ దిగుతోంది. చూడ్డానికి వచ్చిన మెకానిక్ రెండు నిమిషాలు టార్చి వేసి, "వెనక క్రాంక్ సీల్ పోయింది. ఇంజన్ దించాలి. దించాక ఎలాగూ ఓవర్‌హాలింగ్ చేసేద్దాం" అన్నాడు. ఇంపెల్లర్, ఫిల్టర్లు, ఇంజెక్టర్లు నేనే మార్చుకుంటాను. ఇది కూడా నా వల్ల అవుతుందా, లేక చేతులు కాల్చుకుంటానా?

గేర్‌బాక్స్ తాత:
వద్దు బాబూ. సీల్ అంటే క్రాంక్ ఇరుసు బయటికొచ్చే చోట ఆయిల్ ఆపే రబ్బరు ముక్కే, దాని దాకా వెళ్లడమే పెద్ద పని. కప్లింగ్ విప్పాలి, గేర్‌బాక్స్ దించాలి, డ్యాంపర్ ప్లేట్, ఫ్లైవీల్ అనే బరువైన చక్రం తియ్యాలి. కూర్చోడానికే చోటు లేని ఇరుకులో ఆ ఫ్లైవీల్ చేయి జారిందంటే వేళ్లు ఉండవు. తిరిగి బిగించాక షాఫ్ట్ అలైన్‌మెంట్, అంటే గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒకే వరసలో ఉన్నాయా అని చూడాలి, అదీ పడవ నీళ్లలో ఉండగానే. ఒడ్డుకెక్కిస్తే పడవ అడుగు కాస్త వంగుతుంది, అక్కడ తీసిన కొలత నీళ్లలోకి దిగాక పనికిరాదు. కప్లింగ్ ఫ్లాంజ్ నాలుగంగుళాలదైతే, రెండు ముఖాల మధ్య సందులో చుట్టూ ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) పెట్టి చూసినప్పుడు తేడా 0.1 మి.మీ. దాటకూడదని మా లెక్క. నీకా అలవాటు లేదు. సీల్ కారితే ట్రే తడుస్తుంది, అంతే. అలైన్‌మెంట్ తప్పితే గేర్‌బాక్సే పోతుంది.

నల్లచేతులు:
తాతగారు చెప్పింది నిజమే, కానీ వెనక సీలే పోయిందని ఎవరు తేల్చారు? టార్చా?

ఆయిల్ కారిన చోట కనపడదు, చేరిన చోట కనపడుతుంది. చాలా పడవల్లో ఇంజన్ వెనక్కి వాలి ఉంటుంది, అందుకని ఎక్కడ కారినా చివరికి బెల్‌హౌసింగ్ (ఫ్లైవీల్‌ని కప్పే గూడు) కిందికే చేరుతుంది. నాకూ ఇదే మాట చెప్పారు. డీగ్రీజర్‌తో ఇంజన్ కడిగి, బట్టతో పొడిగా తుడిచి, అనుమానం ఉన్న చోటల్లా పిల్లల టాల్కమ్ పౌడర్ చల్లాను. పావుగంట నడిపి ఆపి, చిన్న అద్దం పట్టుకుని చూశాను. వెనక భాగమంతా తెల్లగానే ఉంది. రాకర్ కవర్ (ఇంజన్ పైమూత) వెనక మూలనుంచి మాత్రం సన్నటి నల్లగీత బ్లాకు మీదుగా తిన్నగా కిందికి దిగింది. కార్క్ ప్యాకింగ్ ఎండి బిస్కెట్టులా విరిగిపోతోంది. నాకంటే ముందెవరో లీకు ఆపుదామని బోల్టులు బలంగా బిగించడంతో కవర్ రేకు అంచు బోల్టుల దగ్గర గుంటలు పడింది. చెక్క మీద పెట్టి సుత్తితో మెల్లగా చదును చేసి కొత్త ప్యాకింగ్ వేశాను. ఒక పూట పని.

దానికంటే ముందు బ్రీదర్ (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) చూడండి. అది మూసుకుపోతే క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి, బాగున్న సీళ్లనుంచి కూడా ఆయిల్ తోసేస్తుంది. గొట్టం, జాలీ శుభ్రం చేశాక ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి చూడండి. కాస్త ఆవిరి మామూలే. బుస్సుమని కొడుతుంటే పిస్టన్ రింగులు అరిగాయని అనుమానించాలి. అప్పుడు ఎన్ని సీళ్లు మార్చినా నిలవవు.

స్పానర్14:
ఇంత తంటా ఎందుకు? లీకు ఆపే డబ్బా ఒకటి పోస్తే సరిపోదా?

నల్లచేతులు:
దానివల్ల గట్టిపడ్డ రబ్బరు కాస్త ఉబ్బుతుందేమో. ఎండిన కార్క్‌కి, తుప్పు పట్టి చిల్లు పడ్డ ఆయిల్ చాంబర్‌కి అదేం చేస్తుంది? పడవ అడుగున ఉప్పునీళ్లు నిలిచి, రేకు చాంబర్ బయటినుంచి తినేసిన కేసులు బోలెడు.

గేర్‌బాక్స్ తాత:
వెతకడం వరకూ ఒప్పుకుంటాను, ఆ పౌడర్ పద్ధతి నాకూ నచ్చింది. నా భయమల్లా తర్వాతి పని మీదే. సొంతంగా చేసేవాళ్ల ఇంజన్లు నా దగ్గరికి ఎలా వస్తాయో తెలుసా? ప్యాకింగ్‌కి బదులు సిలికాన్ పేస్ట్ వేలెడంత మందాన పూసేస్తారు. బయటికి పొంగింది కనపడుతుంది, లోపలికి పొంగింది కనపడదు. అది ముక్కలై ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడితే బేరింగులు పోతాయి. లీకు మాత్రం ఆగిపోతుంది!

ఇంకోటి. పాత క్రాంక్ మీద సీల్ అంచు రాసుకుని గాడి పడి ఉంటుంది. కొత్త సీల్ సరిగ్గా అదే గాడిలో కూర్చుంటే నెలలోనే మళ్లీ మొదలు. కొంచెం పక్కకి జరిపి కూర్చోబెట్టాలి, లేదా సన్నటి స్టీల్ స్లీవ్ తొడగాలి. అంచుకి ఆయిల్ రాయాలా వద్దా అన్నది కూడా సీల్‌ని బట్టే. రబ్బరుదైతే రాస్తాం, టెఫ్లాన్‌దైతే పొడిగానే ఎక్కిస్తాం. ఇవన్నీ చేత్తో నేర్చుకునేవి.

ఒడ్డుగాలి:
ఎవరు చెయ్యాలన్నదే చర్చ అయింది, ఆ అర లీటరు ఎటు పోతోందని ఎవరూ అడగలేదు. ట్రే పొంగితే పడవ అడుక్కి, అక్కడినుంచి ఆటోమేటిక్ పంపు ద్వారా సముద్రంలోకి. సముద్ర కాలుష్యాన్ని ఆపే మార్పోల్ ఒప్పందంలో ఓడలు వదిలే నీళ్లలో నూనెకి పెట్టిన పరిమితి 15 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 15. మన చిన్న పడవని ఎవరూ కొలవరనుకున్నా, నీళ్ల మీద రంగుల పొర అందరికీ కనపడుతుంది. లీకు ఆగేదాకా ఆ పంపు చేత్తోనే వేసుకోండి, ట్రేలో నూనె పీల్చే ప్యాడ్లు పరవండి. వేడి ఎగ్జాస్ట్ మీద ఆయిల్ పడుతుంటే మాత్రం నడపొద్దు, నిప్పుతో చెలగాటం అది.

స్పానర్14:
ఒక్కటి అడగాలి పాతపడవ గారూ, డిప్‌స్టిక్‌లో లెవెల్ తగ్గుతోందా? లీకున్నా తగ్గట్లేదంటే డీజిల్ ఫీడ్ పంపులోని పలచటి పొర (డయాఫ్రమ్) చిరిగి డీజిల్ ఆయిల్లో కలుస్తుండొచ్చు. నాకు అలాగే అయింది, ఆయిల్ మిగిలిందని సంతోషించాను కూడా!

పాతపడవ:
లెవెల్ తగ్గుతూనే ఉంది, డీజిల్ వాసన లేదు. శనివారం కడిగి పౌడర్ చల్లాను. ఒక చోట కాదు, మూడు చోట్ల దొరికింది. మొదటిది సముద్రపు నీటి పంపు. నీటి సీల్‌కీ ఆయిల్ సీల్‌కీ మధ్య కింద చిన్న రంధ్రం ఉంటుంది కదా, అక్కడినుంచి చుక్కలు. దానికి ఎవరో రంగు వేసి సగం మూసేశారు. పూర్తిగా మూసుకుపోయి ఉంటే, నీటి సీల్ పోయిన రోజు ఉప్పునీళ్లు ఇంజన్లోకే వెళ్లేవి. రెండోది ప్రెషర్ గేజ్ రాగి గొట్టం చివర వాషర్. మూడోది తాతగారు భయపెట్టిన వెనక సీలే, బెల్‌హౌసింగ్ అడుగు రంధ్రంలోంచి కారుతోంది.

పంపు సీళ్లు రెండూ మార్చి, రాగి వాషర్ కొత్తది వేసి, బ్రీదర్ గొట్టం కడిగాను. లోపల జిగురులా పేరుకుంది. తర్వాత పది గంటలు నడిపితే ట్రేలో టీ గ్లాసుడు కూడా లేదు. ఇక వెనక సీల్ ముట్టుకోను.

గేర్‌బాక్స్ తాత:
మంచిది. నీటి పంపు సీళ్లు ఎటువైపు తిప్పి పెట్టావో ఒక ఫొటో పెట్టు, చూద్దాం.

నల్లచేతులు:
సీజన్ అయ్యాక ఆ వెనక సీల్ కూడా ఆయనే మారుస్తారు, చూస్తూ ఉండండి తాతగారూ.

గేర్‌బాక్స్ తాత:
అప్పుడు ఫ్లైవీల్ కింద చెక్క పలకలు పేర్చమను. వేళ్లు పెట్టొద్దను.